పలక మీద ‘పోటుకు వస్తాను’

తనిఖీకి వెళ్ళేవాడి పడవకు బూరా అక్కర్లేదు. ధవళేశ్వరంలో పడవ ఎక్కి మొదటి లాకు దగ్గర ఆగితే చాలు. లాకులో నీళ్ళు నిండి తలుపులు తెరుచుకునే లోపల, లాకు కాపలాదారు గట్టు మీద పోయే ఎవరో ఒకరితో ‘ఆసుపత్రి ఇన్‌స్పెక్టరు గారు దిగువకి వెళ్తున్నారు’ అని చెప్పేస్తాడు. ఆ మనిషి కాలినడకన మాకంటే ముందు పోతాడు. కాలువ పడవ కంటే కబురు ఎప్పుడూ ఒక ఊరు ముందుంటుంది. గోదావరి మీద రైలు వంతెన లేని రోజుల మాట ఇది.

నేను ఈ జిల్లాలో ఇరవై ఏళ్ళకు పైగా టీకాలనూ ధర్మాసుపత్రులనూ తనిఖీ చేసే ఉద్యోగం చేశాను. డాక్టరు దొరగారు ఏడాదికి ఒక్కసారి చూసే ఆసుపత్రులను మధ్యలో నేను చూసి, చూసింది చూసినట్టు రాసి పంపాలి. ఈ మధ్య ఇదే పనిలో కొత్తగా కుదిరిన ఇద్దరు కుర్రాళ్ళు మా ఇంటికి వచ్చి, ఏ పుస్తకాలు చదవమంటారని అడిగారు. నాకు ముచ్చటేసింది. నా బడి చదువు నాలుగో తరగతితో ఆగిపోయింది. మిగిలిందంతా రాజమండ్రిలో ఒక వకీలుగారి మేడ మీది పుస్తకాల గదిలో నేర్చుకున్నదే. రోజూ సాయంకాలం దీపాలు పెట్టేదాకా అక్కడే ఉండేవాణ్ణి. నాలుగు బీరువాలు అటు చివర నుంచి ఇటు చివర దాకా చదివాను. ఇంగ్లీషు అలాగే వచ్చింది. ఆ గర్వం నాకు ఇప్పటికీ ఉంది, దాచుకోను.

కానీ ఆ కుర్రాళ్ళకు నేను చెప్పింది ఏ పుస్తకంలోనూ లేదు. అదే ఇక్కడ రాస్తున్నాను.

చెప్పి వెళ్ళడం

పాలకొల్లు దారిలో ఒక సంత ఊరి ఆసుపత్రికి ముందుగా చీటీ పంపించి వెళ్ళాను. గోడలకు సున్నం ఇంకా తడిగా ఉంది. ఎనిమిది మంచాలు, ఎనిమిది మంది రోగులు. ఎండాకాలంలో ఒక్కడుండే చోట ఎనిమిది మంది! చివరి మంచం మీద ఒకడు తలకు గుడ్డ చుట్టుకుని, కళ్ళు మూసుకుని, మూలుగుతున్నాడు. దగ్గరికి వెళ్ళి చూస్తే వాడు కిందటి నెల నా పడవకు గట్టు మీద తాడు లాగినవాడు.

“ఏరా, ఏంటి నీకు జబ్బు?” అన్నాను.

ఒక కన్ను తెరిచి చూసి, మళ్ళీ మూశాడు. “తమరొచ్చేరండి,” అన్నాడు.

“నేను రావడం జబ్బా?”

“తమరు ఎల్లేదాకానండి. ఎల్లగానే తగ్గిపోద్దని కాంపౌండరు గారు చెప్పేరు.”

నేను నవ్వు ఆపుకోలేకపోయాను. పక్క మంచాల మీది రోగులు నవ్వారు. కాంపౌండరు మాత్రం నవ్వలేదు.

ఇలాంటివి చూసి, చెప్పి వెళ్ళే తనిఖీ దండగ అనుకునేవాళ్ళున్నారు. నేనలా అనను. సున్నం ఆరిపోయాక కూడా గోడ మీదే ఉంటుంది. నా కోసం పూడిక తీసిన బావిలో నీళ్ళు నేను వెళ్ళిపోయాక కూడా రోగులు తాగుతారు. చీటీ పంపితే ఒకటి తెలుస్తుంది: మంచి ఆసుపత్రి ఎలా ఉండాలో ఆ మనిషికి తెలుసా, తెలియదా అన్నది. తెలిసినవాడితో పని చేయించవచ్చు.

చెప్పకుండా వెళ్ళడం

ఆ తరువాత నేనొక యుక్తి పన్నాను. నా పరుపు చుట్టా, పెట్టె పడవలోనే ఉంచి పడవను లాకులో నిలబెట్టేవాణ్ణి. అందరూ పడవ మీద కన్నేసి ఉండగా నేను గొడుగు చంకన పెట్టుకుని వరిచేల గట్ల మీద అడ్డంగా నడిచి ఊళ్ళోకి వెళ్ళేవాణ్ణి.

పిఠాపురం అవతల ఒక పల్లెలో టీకాలవాడు పొద్దున ఒక వీధిలో ఒక పిల్ల భుజం మీద టీకా మచ్చ చూపించాడు. పేరు మంగ అన్నాడు. మధ్యాహ్నం నేను మరో వీధికి తిన్నగా వెళ్తే అదే పిల్ల, పరికిణీ మార్చుకుని, తాయారు అనే పేరుతో కూర్చుంది.

“పొద్దున నీ పేరు మంగ కదమ్మా?” అన్నాను.

“పొద్దున పేరు పొద్దున్నే అయిపోయిందండి,” అంది ఆ పిల్ల, ఏ మాత్రం జంకకుండా.

ఇలా నాలుగైదు పట్టుకున్నాను. దొరగారు నా కాగితాలు చదివి తల ఊపేవారు. దానితో నేను చెడిపోయాను. తలుపు మూసి ఉంటే దాని వెనక దొంగతనం ఉందనే అనుకోవడం మొదలుపెట్టాను. పట్టుకోవడం మరిగినవాడికి చూడటం రాదు. కొత్తవాళ్ళు ఈ మాట గుర్తుంచుకోండి.

చినమొగ

గోదావరి పాయ ఒకటి సముద్రంలో కలిసేచోట, ఒక వాగు ఒడ్డున చినమొగ అనే పల్లె ఉంది. ఇవతలి ఒడ్డున సేద్యం చేసేవాళ్ళు, అవతలి ఇసుకతిప్పల మీద చేపల వేటవాళ్ళు. ఇవతలి ఒడ్డు మీద తాటాకు కప్పుతో చిన్న ధర్మాసుపత్రి. దానికి వీరాస్వామి అనే కాంపౌండరు ఒక్కడే. ఇది పోతే తిప్పల మీది జనం మందు కోసం సగం రోజు ప్రయాణం చేయాలి.

ఒక ఉదయం ఎనిమిది గంటలకు, రూళ్ళ ప్రకారం ఆసుపత్రి తెరిచి ఉండవలసిన వేళకు, చెప్పకుండా వెళ్ళాను. తలుపుకు తాళం. మనిషి లేడు, రోగీ లేడు. ఎదురుగా వాగంతా మోకాలు లోతు అడుసు. తలుపుకు ఒక బడిపలక వేలాడుతోంది. దాని మీద బలపంతో రెండే మాటలు: ‘పోటుకు వస్తాను.’

నాకు ఒళ్ళు మండింది. పన్ను పోటు, చెవి పోటు, తల పోటు మనకు తెలిసినవే. అంటే ఎవరికైనా పోటు పుడితే తప్ప ఈయనగారు రారన్నమాట! ధర్మాసుపత్రి ఏమన్నా ఈయన అత్తారిల్లా, పిలిస్తే గాని రాకపోవడానికి? ఊళ్ళో ఎవరినీ అడగలేదు. అడిగితే నేను వచ్చిన సంగతి పాకుతుందని నా భయం. పదకొండు గంటల వరకు ఉండి, మనిషి రాకపోతే, గట్ల మీదుగా తిరిగి వచ్చేశాను. ఆ రోజే నా శక్తి కొద్దీ మంచి ఇంగ్లీషులో కాగితం రాశాను. పలక మీది మాటలను కూడా ఇంగ్లీషులో పెట్టాను: నొప్పి ఉన్నవారికి మాత్రమే వస్తాను అని. రోగులు రాని ఈ ఆసుపత్రిని ఎత్తివేయడం మంచిదని కింద నా అభిప్రాయం రాసి సంతకం చేశాను.

ఆ ‘మాత్రమే’ పలక మీద లేదు. నేనే చేర్చాను. వాక్యం బాగా కుదురుతుందని చేర్చాను.

పోలమ్మ

నెల తిరిగాక ఒక లాకు దగ్గర పడవ కోసం కాచుకుని ఉన్నాను. చేపల తట్ట ముందు పెట్టుకుని ఒకామె బేరం చేస్తోంది. పెద్ద బొట్టు, బొంగురు గొంతు, పేరు పోలమ్మ. కొనుక్కునే ముసలాయన, “ఇవి నిన్నటివే. రేపు మంచివి తెస్తావా?” అన్నాడు.

“రేపు పోటుకొచ్చేత్తానండి. మీకోసం పండుగొప్ప ఎత్తి ఉంచుతాను,” అంది ఆమె.

నాకు జాలేసింది. “ఏంటమ్మా, పోటుతో అంత దూరం రావడమెందుకు? ఎక్కడ పోటు?” అన్నాను.

ఆమె నన్ను పైనుంచి కింది దాకా చూసింది. తట్ట వదిలేసి నడుం పట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. “ఓలమ్మో! బాబుగారికి పోటు తెలీదంటండి! సముద్రంలో పోటండీ. నీళ్ళెక్కితే పోటు, దిగిపోతే పాటు. పోటుంటేనే కదా మా దోనె వాగు దాటొచ్చేది? పాటుకి బురదలో ఈడ్చుకుంటా వత్తామా?”

పలక మీది రెండు మాటలు గుర్తొచ్చాయి. “మీదే ఊరు?” అన్నాను.

“చినమొగ అవతల తిప్పండి.” ఆమె నవ్వు ఆగిపోయింది. “అక్కడ మా ఆసుపత్రి ఎత్తేత్తన్నారంటండి. ఎవరో బాగా చదువుకున్న మారాజొచ్చి రాసేడంట, రోగులు లేరని. మా కోడలికి ఏడో నెల. కిందటి కానుపుకి జొరమొచ్చి చావు దాకా వెళ్తే వీరాస్వామి బాబే నిలబెట్టేడు. ఈసారి ఎవరి దగ్గరికెల్తామండీ? ఆ మారాజు నాకు కనపడితే ఈ తట్ట ఆడి నెత్తిన బోర్లేద్దును.”

“అమ్మా, తట్ట ఖాళీ కానివ్వు. ఆ మారాజు నేనే,” అన్నాను.

ఆమె తట్ట బోర్లించలేదు. దాని మీద గుడ్డ కప్పింది. తరువాత, “అయితే రండి, పోటు టయానికి చూద్దురు గాని,” అంది.

ఆ మధ్యాహ్నం ఆమె దోనెలోనే వెళ్ళాను. నేను చూసిన అడుసు లేదు. వాగు నిండుగా, తళతళా మెరుస్తోంది. దోనెలు ఒకదాని వెనక ఒకటి ఆసుపత్రి మెట్టుకు వచ్చి ఆనుతున్నాయి. జ్వరాలవాళ్ళు, చంటిపిల్లల తల్లులు, చేతికి జెల్ల చేప ముల్లు గుచ్చుకుని వాచినవాళ్ళు.

“ఇదిగో, మీరడిగిన పోటు కూడా ఉందండి. జెల్ల ముల్లు పోటెడతాది. పోటున్నోళ్ళు పోటుకొత్తారు,” అంది పోలమ్మ.

వీరాస్వామి నన్ను చూసి లేచి నిలబడ్డాడు. సన్నటి మనిషి, చేతులకు కార్బాలికు వాసన. నేను క్షమాపణ చెప్పబోతే, “మీరు రాసింది అబద్ధం కాదండి. ఆవేళ తలుపు మూసే ఉంది,” అన్నాడు. పాటు వేళ వాగు దాటి ఎవరూ రారు కాబట్టి అప్పుడతను ఇవతలి ఒడ్డు పల్లెల్లో ఇంటింటికీ వెళ్ళి కట్లు మారుస్తాడట. పోటు రోజుకు రెండేసి గడియలు, అంటే ముప్పావు గంటకు పైగా, ఆలస్యమవుతుంది. తిథి చెబితే పోటు వేళ చంటిపిల్ల కూడా చెబుతుంది. గడియారం మాత్రం చెప్పలేదు. అందుకే పలక మీద గంటలు లేవు.

తప్పులు లేని ఆసుపత్రి కాదది. క్వినైను సీసా మీద చీటీ లేదు. చిట్టా మూడు రోజులకోసారి రాసుకుంటున్నాడు. ఆ రెండూ అతని మొహం మీదే చెప్పాను. జాలితో తప్పులు దాచిపెడితే అది మరో అబద్ధమవుతుంది.

దొరగారి తెలుగు

మర్నాడే దొరగారి ముందు నిలబడి జరిగిందంతా చెప్పాను. ఆయన మునిషీ దగ్గర నేర్చుకున్న గ్రాంథికం మాట్లాడేవారు. కోపం వస్తే మరీ గ్రాంథికం.

“ఈ ‘మాత్రమే’ అను మాట ఆ పలక మీద ఉన్నదా?”

“లేదండి.”

“మరి ఎచ్చటినుండి వచ్చినది?”

“నా దగ్గర నుంచండి.”

ఆయన లేచి అలమరలోంచి లావుపాటి నిఘంటువు తీసి, పేజీలు తిప్పి, వేలు పెట్టి చూపించారు. పోటు అన్న మాటకు అర్థాలు వరసగా ఉన్నాయి. నొప్పి ఉంది. పొడవడం ఉంది. సముద్రపు పొంగు కూడా ఉంది.

“నీవు ఈ గ్రంథమును చదివితివా?”

“రెండుసార్లు చదివానండి.”

“రెండు మారులు చదివి, ఒక మారైనను అడుగకపోతివి,” అన్నారు. ఇరవై ఏళ్ళ ఉద్యోగంలో నేను పడ్డ దెబ్బల్లో పెద్దది అదే.

తరువాత గొంతు కాస్త తగ్గించి అసలు సంగతి చెప్పారు. ఎత్తివేయమని జిల్లా బోర్డుకు ఆయన అప్పటికే రాసేశారు. బోర్డు సభ వచ్చే నెల. “పదియేను దినములు అచ్చట నుండుము. పోటుకును పాటుకును చూడుము. సభకు ముందు నీ కాగితము రాకున్న ఆసుపత్రి పోవును.”

పదిహేను రోజులు

ఆసుపత్రి అరుగు మీద చాప పరుచుకుని కూర్చున్నాను. మొదటి రోజు పోటుకు ఒక్క దోనె రాలేదు. రెండో రోజూ రాలేదు. మూడో రోజు వాగు నిండుగా ఉంది, అవతల తిప్ప మీద జనం నిలబడి మా వంక చూస్తున్నారు, అంతే. ఆసుపత్రికి తాళం వేసే మారాజు తాళం కప్పతో సహా వచ్చి కూర్చున్నాడని పుకారు పుట్టిందట. ఉన్న నిజం నేను రాస్తే ‘మూడు రోజులుగా రోగులు లేరు’ అని రాయాలి. రాశాను. వీరాస్వామి అది చూశాడు. సీసాలకు చీటీలు అతికించుకుంటూ కూర్చున్నాడు.

నాలుగో రోజు పోలమ్మ గొంతు అవతలి ఒడ్డు నుంచి ఇవతలికి వినిపించింది.

“ఆయన కళ్ళ ముందర మీరెల్లకపోతే ఆసుపత్రి ఉండదర్రా! దాక్కుంటే జొరం తగ్గుద్దా? లెగండి!”

మొదటి దోనెలో కోడలిని కూర్చోబెట్టుకుని తనే గెడ వేసింది. వెనకే మిగిలిన దోనెలు. ఆ గుంపులో దిట్టమైన ముసలాయన ఒకడు, ఎండకు నల్లబడ్డ ఛాతీతో, నా ముందుకొచ్చి నిలబడ్డాడు. నాకు పాలకొల్లు దారి ఆసుపత్రి గుర్తొచ్చింది. మళ్ళీ అరువు రోగులేనా అని మనసు చివుక్కుమంది.

“ఏం తాతా, నీకేంటి జబ్బు?” అన్నాను.

“నాకేం జబ్బండీ? రాయిలా ఉన్నాను,” అన్నాడు. “ఆసుపత్రికి జబ్బు చేసిందంటే పలకరిద్దామని వచ్చేను.”

మిగిలిన పదకొండు రోజులూ పోటు పోటుకూ దోనెలు వచ్చాయి. చూసిన ప్రతి మనిషినీ రాశాను. ముసలాయన్ని కూడా రాశాను, ఆరోగ్యవంతుడు, ఆసుపత్రి జబ్బు చూడవచ్చాడు అని. ఖాళీగా గడిచిన మూడు రోజులను కొట్టేయలేదు, ఎందుకు ఖాళీయో కింద రాశాను. బయలుదేరే ముందు, నా ఉద్యోగంలో మొదటిసారి, రాసిందంతా తెలుగులో చెబుతూ వీరాస్వామికి చదివి వినిపించాను. చీటీలు లేని సీసా సంగతి దగ్గర తల దించుకున్నాడు. ముసలాయన సంగతి దగ్గర కళ్ళు తుడుచుకున్నాడు. “ఒక్క మాట తప్పండి,” అన్నాడు చివర. కలం మళ్ళీ చేతికి తీసుకున్నాను. “పోలమ్మ కోడలికి ఏడో నెల అని రాసేరు. ఎనిమిదో నెల వచ్చేసిందండి.” దిద్దుకున్నాను.

దొరగారు ఆ కాగితాన్ని బోర్డు సభలో తనే చదివారట. ముసలాయన మాట దగ్గర సభ్యులు నవ్వారని, ఆ నవ్వుతోనే ఎత్తివేత కాగితం పక్కకు పోయిందని గుమాస్తా చెప్పాడు. ఆసుపత్రి నిలిచింది. పోలమ్మ కోడలికి ఆడపిల్ల, తల్లీబిడ్డా క్షేమమని లాకు కాపలాదారు ద్వారా నాకు కబురొచ్చింది. లాకులు నేను వస్తున్నానన్న హెచ్చరికలే కాదు, మంచి కబుర్లు కూడా మోస్తాయని అప్పుడే తెలిసింది.

అప్పటి నుంచి ఏ ఆసుపత్రికి వెళ్ళినా, చెప్పి వెళ్ళినా చెప్పక వెళ్ళినా, రాసింది ఆ మనిషికి చదివి వినిపించకుండా గడప దాటలేదు. వినేటప్పుడు వాళ్ళు వాదిస్తారు, ఏడుస్తారు, ఒక్కోసారి తిడతారు. దిద్దుతారు కూడా. కుర్రాళ్ళకు నేను చెప్పింది ఇదే. పుస్తకాలు చదవండి, బాగా చదవండి. గడప దగ్గర మాత్రం వాటిని మూసేసి, ఒక మాట అడగండి.

పెన్షను పుచ్చుకునే ముందు చివరి తిరుగుడులో చినమొగ వెళ్ళాను. చెప్పకుండానే వెళ్ళాను, గట్ల మీదుగానే. తలుపుకు తాళం. వాగు నిండా అడుసు. పలక మీద అవే రెండు మాటలు, కింద చిన్నక్షరాలతో ఇంకో వరస: ‘పాటుకు ఊళ్ళో ఉంటాను.’ ఈసారి ఎవరి మీదా కోపం రాలేదు. గొడుగు గోడకు ఆనించి, అరుగు మీద కూర్చున్నాను.

కాసేపటికి అడుసులో సన్నటి నీటి గీత కదిలింది. గీత పాయ అయింది, పాయ వాగు అయింది. అవతలి ఒడ్డున మొదటి దోనె నీళ్ళ మీద తేలింది. అందులో నెరిసిన జుట్టుతో పోలమ్మ, పక్కన బొటనవేలు వాచిన మనవరాలు. దూరం నుంచే నన్ను గుర్తుపట్టి కేక వేసింది.

“ఏంటండీ ఇనస్పెట్రుగారూ, ఆసుపత్రి దగ్గర కూర్చున్నారు! ఎక్కడండీ పోటు?”

“ఇదుగో, నీ దోనె కిందే,” అన్నాను.